ఆకాశంలో అతుకుల కోసం వెతుకులాట

అబుదాబీకీ మారిషస్‌కూ గడియారం ఒక్కటే. డిసెంబరు నడుమ రాత్రి పది గంటలకు ఇక్కడ దక్షిణం వైపు చూస్తే, సగం ఎత్తున, మృగశిరకు పడమరగా ఎరిడానస్ అనే నది ఆకారపు చుక్కల గుంపు కనిపిస్తుంది. అదే వేళకు మారిషస్‌లోని మనవారికి అది నడినెత్తి మీద ఉంటుంది. ఆ నది కొసన ఉన్న నక్షత్రం ఆకెర్నార్. అరబ్బీలో ‘నది చివర’ అని దాని అర్థం. ఆ గుంపులోనే కంటికి కనపడని ఒక చల్లని మచ్చ ఉంది.

విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. పుట్టిన 3,80,000 ఏళ్ళకు బయలుదేరిన వెలుగు నేటికీ సూక్ష్మతరంగాలుగా అన్ని దిక్కుల నుంచీ మనను చేరుతోంది. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ఈ సంగతి ప్రకటించారు. దాని వేడిలో ఒకచోటికీ మరొకచోటికీ తేడా లక్షలో ఒక వంతు మాత్రమే.

చెరకు పాకం చల్లారడం మన పెద్దలు ఎరిగినదే. అది ఒక్కచోట గడ్డకట్టదు. పలుచోట్ల పలుకులు పుట్టి, దేని దిక్కున అది పెరుగుతుంది. రెండు పలుకులు కలిసేచోట పొందిక కుదరక అతుకు మిగులుతుంది. విశ్వం చల్లారినప్పుడూ అలాంటి అతుకులు తీగలుగానో, గోడలుగానో, ముడులుగానో మిగిలి ఉండవచ్చునని 1976లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన టామ్ కిబుల్ చెప్పారు. ఆయన పుట్టింది 1932లో, మన పూర్వీకులెందరో ఓడ ఎక్కిన మద్రాసులోనే. అతుకు ఒక్కటి దొరికినా, భూమి మీది ఏ యంత్రమూ అందుకోలేని తొలి క్షణాల గుట్టు తెలుస్తుంది.

మరి వెతకడం ఎలా? తీగ అడ్డంగా పరుగెత్తితే, దాని వెనుక వైపు వెలుగు రవ్వంత వేడిగా, ముందు వైపు చల్లగా కనిపించాలి. నడుమ గట్టులాంటి గీత ఏర్పడాలి. 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం ఆకాశమంతా గాలించింది. గీత దొరకలేదు. ఒకవేళ తీగలున్నా, ఆ హెచ్చుతగ్గుల్లో వాటి వాటా నూటికి కొద్ది పాళ్ళు మించదని 2013లో తేల్చారు.

ఇక చల్లని మచ్చ. దాన్ని 2004లో గుర్తించారు. వెడల్పు పున్నమి చంద్రుడికి సుమారు ఇరవై రెట్లు. అది ముడి వల్ల ఏర్పడి ఉండవచ్చునని 2007లో కొందరు అన్నారు. తరువాత ఆ దిక్కున నక్షత్రవీథులు పలచగా ఉన్న పెద్ద వెలితి కనిపించింది. కాని ఆ చల్లదనంలో కొంత భాగానికే అది కారణం కాగలదు. మిగతాది ఇంకా తేలలేదు.

ఈ గల్ఫు తీరం నుంచి ఆ వెలుగును కొలవడం కష్టం. గాలిలోని తేమ సూక్ష్మతరంగాలను మింగేస్తుంది. అందుకే దక్షిణ ధ్రువానికీ, చిలీ దేశపు ఎత్తయిన ఎడారికీ వెళ్ళి కొలుస్తారు. మచ్చ మనకు కనపడకపోయినా, అది ఉన్నచోటు కనిపిస్తుంది. ఈ డిసెంబరులో మీ పిల్లలకు ఆ నదిని చూపించండి. ఇక్కడి నుంచి మేమూ అదే వేళకు చూస్తాము.