సాగర్ ఎడమ కాలువ కింద భూతాపం

ఏ రోజుకారోజు కాసే ఎండ, కురిసే వాన వాతావరణం. దాదాపు 30 ఏళ్ల ఎండవానల సగటు తీరు శీతోష్ణస్థితి. ఈ రెండింటినీ కలిపేసుకుంటే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది. 2023లో కృష్ణాకు వరద తగ్గి, ఆ యాసంగిలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు నీళ్లందలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో పడ్డ కుండపోతకు కోదాడ జలమయమైంది, నడిగూడెం మండలంలో అదే కాలువకు గండి పడింది. ఈ రెండు ఘటనల్లో ఏ ఒక్కటీ తనంత తానుగా శీతోష్ణస్థితి మార్పుకు రుజువు కాదు. ఇలాంటివి ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా వస్తున్నాయో దశాబ్దాల లెక్కల్లో చూడాలి.

భూతాపం అంటే భూగోళమంతటి సగటు ఉష్ణోగ్రత పెరగడం. 1850–1900 నాటితో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో అది సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. అంకె చిన్నదే. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కుండపోతలు ముదరడానికి మూలం అక్కడుంది. వడగాలికీ కొలత ఉంది: మైదానాల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, అందులో అత్యధికులు తెలుగువారే. కోదాడ అప్పట్లో ఉన్న నల్గొండ జిల్లా బాగా దెబ్బతిన్నవాటిలో ఒకటి.

నేల నుంచి పైకి పోవాల్సిన వేడిని పట్టి ఉంచేవి హరితగృహ వాయువులు. వాటిలో ప్రధానమైన కార్బన్ డయాక్సైడ్, పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూడటానికి మిర్యాలగూడ చుట్టుపక్కల తిరిగితే చాలు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రానికి ఇంధనం బొగ్గు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల సంగతి మరీ చిక్కు: బొగ్గు మానేసినా వాటి ఉద్గారాలు ఆగవు. సున్నపురాయిని కాల్చి సున్నం చేసే క్రమంలో రాయి నుంచే ఈ వాయువు వెలువడుతుంది, స్వచ్ఛమైన రాయి 100 కిలోలకు 44 కిలోల చొప్పున.

రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాలినా వచ్చేది కార్బన్ డయాక్సైడే. అయితే ఊకలోని కర్బనాన్ని వరి మొక్క ఆ పంటకాలంలోనే గాలి నుంచి తీసుకుంది, మళ్లీ గాలికే చేరుతోంది. బొగ్గులోది కోట్ల ఏళ్లుగా భూమిలో ఉండిపోయిన కర్బనం, బయటికొస్తే అదనమే. కర్బన చక్రం అంటే ఈ రాకపోకల లెక్క.

మిల్లుకు వడ్లు పంపే పొలం మాత్రం వేరే వాయువును వదులుతుంది. ఎప్పుడూ నీళ్లు నిలిచే మడిలో అడుగు మట్టికి గాలి తగలదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా ఇది సుమారు 28 రెట్లు వేడిని పడుతుంది. యూరియా మోతాదు మించితే నైట్రస్ ఆక్సైడ్ తోడవుతుంది.

ఉద్గారాలను తగ్గించడాన్ని ఉపశమనం అంటారు, మారిన పరిస్థితికి తగ్గట్టు సర్దుకోవడాన్ని అనుకూలత అంటారు. తాపాన్ని 2 డిగ్రీలకు బాగా దిగువన, వీలైతే 1.5 దగ్గర ఆపాలన్నది 2015 పారిస్ ఒప్పందం లక్ష్యం. భారత్ 2070 నాటికి నికర శూన్యం చేరతానంది. అంటే వదిలినంత కర్బనాన్నీ తిరిగి పీల్చుకునే ఏర్పాటు ఉండాలి. వరిలో ఉపశమనం, అనుకూలత రెండూ ఒకేసారి జరిగే దారుంది: మడిని ఆరనిచ్చి మళ్లీ తడి కడితే నీళ్లూ మిగులుతాయి, మీథేన్ కూడా బాగా తగ్గుతుంది. కాలువ నీటిని వంతులవారీగా వదిలే వారబందీ ఇందుకు కొంత దగ్గరే. కాకపోతే వచ్చే తడి అందుతుందో లేదో తెలియని చివరి భూముల రైతు, మడిని ఆరబెట్టేకంటే దొరికినన్ని నీళ్లు నిలబెట్టుకోవడానికే చూస్తాడు.