ఇల్లు మనది, తాళము పరులది

సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులోని యొక చిన్న కంపోజింగు దుకాణమునకు శుభలేఖల పనిమీద పోయియుంటిమి. దుకాణదారుడు పదునైదేండ్లనాటి కంప్యూటరు ముందు కూర్చుండి యక్షరములు కూర్చుచుండెను. క్రొత్తయంత్రము కొనరాదా యని యడిగితిమి. "కొనడానికి డబ్బుందండీ. కొత్తదానిలో మా తెలుగు ఫాంట్ల డాంగిల్ పనిచేస్తుందో లేదో చెప్పేవాళ్లే లేరు" అని యతడు బదులు చెప్పెను. ఖండాంతరములందు మహాసంస్థలు సాగించుచున్న పోరాటపు ఫలిత మీ యొక్క మాటలో మాకు గోచరించినది.

ప్రతి ప్రాసెసరునకును తనదైన యాజ్ఞాభాష కలదు. ఒక భాషలో సిద్ధమైన ప్రోగ్రాము వేఱొక భాష నెఱిగిన ప్రాసెసరునకు బోధపడదు. నడుమ దుబాసీ యుండవలెను. 1978లో ఇంటెల్ సంస్థ 8086 అను ప్రాసెసరును వెలువరించెను. దాని సోదరమగు 8088ను గైకొని ఐబీఎం వారు 1981 ఆగస్టులో తమ పర్సనల్ కంప్యూటరును విడుదలచేసిరి. అది బజారులో దొరకు భాగములతో కూర్చిన యంత్రమగుటచే నితరులు దాని ననుకరింపగల్గిరి. ఒకరి పెట్టెలో నింకొకరి మెమరీ, వేఱొకరి డిస్కు ఇముడు సంప్రదాయ మట్లేర్పడినది. మన పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగముల దుకాణములు వర్ధిల్లుటకును, సామాన్యుడు చెడిన భాగమును మాత్రము మార్చుకొని యంత్రమును నిలుపుకొనుటకును ఆ సంప్రదాయమే మూలము. ఇది యెవరి ఔదార్యమును గాదు. పోటీ ప్రసాదించిన మేలు.

రెండవ పక్షము ఆర్మ్. 1985లో కేంబ్రిడ్జి నగరమునందలి ఏకార్న్ సంస్థలో పుట్టి, 1990లో ప్రత్యేకసంస్థయై, స్వల్పవిద్యుత్తుతో పనిచేయు గుణముచే చరవాణుల నన్నిటి నాక్రమించినది. 2020 నవంబరులో ఆపిల్ వారు ఆ దారి పట్టిరి; క్వాల్‌కామ్ ప్రాసెసర్లతో విండోస్ యంత్రములవారు కొందఱును ఆ దారినే పట్టిరి. దశాబ్దములుగా బద్ధవైరులైన ఇంటెల్, ఏఎండీలు 2024 అక్టోబరులో నొక సలహామండలిగా నేకమగుట చూడగా, భయము మైత్రిని గూడ కల్పింపగలదని తేలుచున్నది.

క్రొత్తపక్షమున గుణము లేకపోలేదు. బ్యాటరీ చిరకాలము నిలుచును, వేడి తక్కువ. దుబాసీ ప్రోగ్రాముచే పాత యప్లికేషను లనేకము లందు నడచును. కాని విండోసునందు డాంగిలు వంటి పరికరముల డ్రైవర్లకు దుబాసీతనము చెల్లదు. ఆర్మ్ కొఱకే వానిని తిరిగి నిర్మింపవలెను. నిర్మించువాడు దుకాణమెత్తివేసి యుండినచో కొన్నవానికి గతి యేమి? ఇక పాతదారియు శాశ్వతము గాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సామాన్యరక్షణ ముగిసినది. పాత ప్రాసెసర్లనేకములను విండోస్ 11 అంగీకరింపదు.

స్వయంకృషి మనకు క్రొత్తగాదు. 1967లో హైదరాబాదున ఈసీఐఎల్ స్థాపితమయ్యెను. అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఆ సంస్థ టీడీసీ శ్రేణి కంప్యూటర్లను దేశమునకందించెను. అనంతరము చౌకయగు పర్సనల్ కంప్యూటర్లు వచ్చి లోకమంతట మినీకంప్యూటర్లను మూలకు నెట్టినవి. యంత్రమును నిర్మించుట యొకయెత్తు; దానికై పదిమంది ప్రోగ్రాములు వ్రాయుట మఱియొకయెత్తు.

నేడు మూడవమార్గ మొకటి తెఱచుకొన్నది. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున నారంభమైన రిస్క్-ఫైవ్ ఆజ్ఞాభాషకు రుసుము లేదు. మద్రాసు ఐఐటీలో ఆచార్య కామకోటిగారి బృందము దానిపై 'శక్తి' ప్రాసెసర్లను రూపొందించెను; సీడాక్ వారు 'వేగ'ను నిర్మించిరి; 2022లో కేంద్రప్రభుత్వము డీఐఆర్-వి కార్యక్రమమును ప్రకటించెను. సంతోషమే, కాని ఇల్లు అలుకగనే పండుగ కాదు. భాష యుచితమైనంతమాత్రాన చిప్పు చౌక కాదు. తయారీదారులు తమకు దోచిన యాజ్ఞలను చేర్చుకొనుచు పోయినచో ఒకే భాష పది మాండలికములై, ఒకరి ప్రోగ్రాము వేఱొకరి యంత్రమున నడువకుండును. ఆ భయముచేతనే 2024లో ఆర్‌వీఏ23 అను నుమ్మడి ప్రమాణమును స్థిరపఱచిరి.

మన హైదరాబాదునందు ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ మూడింటికిని కార్యాలయములున్నవి. మన బిడ్డలు అన్ని శిబిరములలోను పనిచేయుచున్నారు. జీతము మనకు వచ్చుచున్నది. తాళము మాత్రము పరులచేత నున్నది.

కాబట్టి ఏ పక్షము గెలుచునని జ్యోతిషము చెప్పుటకంటె, ఎవరు గెలిచినను మనకు నష్టము రాకుండు మార్గము వెదకుట మేలు. పాఠశాలలకును కచేరీలకును ప్రజాధనముతో కొను యంత్రములలో కొన్నవాడు కోరిన ఆపరేటింగు సిస్టమును నిలుపుకొను వీలుండవలెను. మెమరీ, డిస్కులు మార్చుకొన వీలుండవలెను. ఈ షరతులను ప్రభుత్వములు టెండర్లలోనే వ్రాయవలెను. మన చేతిలోని పని యింకొకటి కలదు: పాతఫాంట్ల సంకేతములలో చిక్కియున్న తెలుగుగ్రంథములను యూనికోడునకు మార్చుట. 1991 నుండి యూనికోడునందు తెలుగునకు స్థానమున్నది. ఆ రూపమున నిలిచిన యక్షరము ఇంటెల్‌పై నైనను, ఆర్మ్‌పై నైనను, శక్తిపై నైనను చదువవచ్చును.

రెజిమెంటల్ బజారు దుకాణదారునితో నీ మాటయే చెప్పి వచ్చితిమి. యంత్రము నేడు కాకున్న రేపు మాఱును. ఇన్నేండ్లు అతడు కూర్చిన యక్షరములు దానితోపాటు పోగూడదు.