తాబేలు మెడ పట్టి లాగకండి: అపోహలు – వాస్తవాలు

ఒడిశా కొండల్లో కొలాబ్‌గా పుట్టిన నది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు వచ్చేసరికి శబరి అవుతుంది. కుంట మీదుగా సాగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లాగా మారిన సుక్మాలో, ముఖ్యంగా కుంట వైపు, తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. ఏరు, చెరువు, వరిమడి ఉన్నచోట తాబేలు కొత్తేమీ కాదు. కానీ చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ జీవి గురించి మనలో పాతుకుపోయిన తప్పుడు నమ్మకాలు చాలా ఉన్నాయి. అందులోనూ మెడ, గొంతుల గురించినవే ఎక్కువ.

అపోహ: చిప్ప తాబేలుకి ఇల్లు. కావాలంటే విడిచి బయటికి రాగలదు.

వాస్తవం: రాలేదు. దాని వెన్నెముక, పక్కటెముకలు పలకల్లా పరుచుకుని చిప్పలో కలిసిపోయాయి. చిప్పను ఊడదీయడమంటే బతికున్న ప్రాణి వెన్నును ఊడదీయడమే. ఒళ్లంతా అలా బిగిసిపోయాక స్వేచ్ఛగా కదిలేవి మెడ, కాళ్లు, తోక మాత్రమే. తిండి అందుకోవాలన్నా, శత్రువును కరవాలన్నా, నీటిపైకి ముక్కు చాచాలన్నా మెడే దిక్కు. మనకీ జిరాఫీకీ మెడలో 7 వెన్నుపూసలుంటే తాబేలుకి 8 ఉంటాయి. మెడ పొట్టిదైనా పొడుగైనా లెక్క అదే.

అపోహ: ముడుచుకున్న తలను మెల్లగా లాగితే వచ్చేస్తుంది, దానికేమీ కాదు.

వాస్తవం: అన్నిటికంటే హాని చేసే నమ్మకం ఇదే. తలను లోపలికి లాగే పొడవాటి కండరాలు చిప్ప లోపల వెన్నుపూసల దగ్గర మొదలై, మెడ వెంట సాగి, కొన్ని పుర్రె వెనక భాగం దాకా వెళ్తాయి. అవి బిగుసుకుంటే మెడ ఎముకలు నిలువుగా 'ఎస్' అక్షరంలా వంగి చిప్పలోకి జారుకుంటాయి. మనం బయటి నుంచి లాగితే ఆ కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే దెబ్బ తగిలేది కండరాలకీ, మెడ కీళ్లకీ. ప్రమాదం పోయిందని తాబేలుకి అనిపించినప్పుడు తల దానంతటదే వస్తుంది. అంతవరకు ఆగడమే సరైన పని.

మెత్తని చిప్ప తాబేళ్లను పక్కల నుంచి పట్టుకుంటే కరవవని కూడా అనుకుంటారు. వాటి మెడ చాలా పొడవు, పక్కలకీ తిరుగుతుంది. పట్టుకున్న చేతిని అది అందుకోగలదు.

అపోహ: తాబేళ్లన్నీ తల దాచుకోగలవు.

వాస్తవం: ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్నవాడిని భగవద్గీత అవయవాలు ముడుచుకున్న తాబేలుతో పోల్చింది. ఆ పోలిక మన చెరువు తాబేళ్లకీ, శ్రీకూర్మం గుడిలోని నక్షత్ర తాబేళ్లకీ చక్కగా సరిపోతుంది. ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేలు ఆలివ్ రిడ్లీ మాత్రం తలను చిప్పలోకి లాక్కోలేదు. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల్లోని కొన్ని తాబేళ్లు మెడను పక్కకి మడిచి చిప్ప అంచు కింద దాస్తాయి.

అసలు ఈ ముడుచుకోవడం మొదలైంది ఆత్మరక్షణ కోసమేనా అన్న సందేహం కూడా ఉంది. ప్లాటీకెలిస్ అనే జురాసిక్ కాలపు తాబేలు మెడ ఎముకలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2017లో వేరే మాట చెప్పారు. దాని మెడ కొంతవరకే ముడుచుకునేదట. అలా ముడిచిన మెడను చటుక్కున ముందుకు విసిరి చేపను పట్టడానికే ఈ ఏర్పాటు మొదలై ఉండవచ్చన్నది వారి వాదన. నాకది నమ్మదగినదిగానే తోస్తుంది.

అపోహ: గొంతు కింద చర్మం ఆడుతోందంటే తాబేలు ఊపిరి పీలుస్తోందన్నమాట.

వాస్తవం: ఇది కప్పను చూసి తాబేలుకి అంటగట్టిన మాట. కప్ప గొంతుతో గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. తాబేలు ఆ పని పొట్ట కండరాలతో చేస్తుంది. పక్కటెముకలు చిప్పలో బిగిసిపోయాయి కాబట్టి దానికి మనలా ఛాతీ పొంగదు. దక్షిణాఫ్రికాలో దొరికిన సుమారు 26 కోట్ల ఏళ్ల నాటి, తాబేళ్ల తొలి బంధువుగా భావించే యూనోటోసారస్ శిలాజంలోనే పక్కటెముకలు వెడల్పయ్యాయి, ఊపిరి భారం కండరాల మీద పడింది. నేల మీద గొంతు ఆడించడం ఎక్కువగా వాసన పట్టడానికే. నీళ్లలో సంగతి వేరు. మెత్తని చిప్ప తాబేళ్లు గొంతులోకి నీరు తీసి వదులుతూ, అక్కడి సన్నని నూగులాంటి పొరతో కొంత ప్రాణవాయువును తీసుకోగలవు.

గొంతుకు మరో పెద్ద పని ఉంది. నీటి తాబేలు నోరు తెరిచిన క్షణంలోనే గొంతు అడుగున ఉన్న నాలుక ఎముకను కండరాలు కిందికి లాగుతాయి. గొంతు ఒక్కసారిగా వెడల్పై, నీటితోపాటు ఎర లోపలికి వస్తుంది.

తల ముడిచినప్పుడు వినిపించే 'బుస్' కోపం కాదు. తల, కాళ్లు లోపలికి చేరి ఊపిరితిత్తులను నొక్కితే గాలి బయటికొచ్చే చప్పుడది.

గొంతులో గాలం ఇరుక్కున్న తాబేలు మీకు కనిపిస్తే దారాన్ని లాగకండి. మూరెడు వదిలి కోసి, పశువైద్యుడికో అటవీ సిబ్బందికో అప్పగించండి. మన చెరువుల్లోని మెత్తని చిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినా, అమ్మినా కనీసం 3 ఏళ్ల జైలు.