ప్రోగ్రాం మేనేజరు జీతం: ఎంత అడగాలి?

పదేళ్ళు కోడు రాశాక మనవాళ్ళలో చాలామంది చూపు ప్రోగ్రాం మేనేజ్‌మెంట్ వైపు తిరుగుతుంది. ఇంటర్వ్యూలు బాగానే చేస్తారు. చివర్లో రిక్రూటరు "ఎంత ఆశిస్తున్నారు?" అనగానే తడబడి, ఇప్పటి జీతానికి పది శాతం కలిపి చెప్పేస్తారు. అప్పుడు తక్కువ చెప్తే ఆ తేడా ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. నా కన్సల్టింగు పనిలో తరచూ ఎదురయ్యే ప్రశ్న కాబట్టి, అమెరికా పద్ధతిని నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదట, పేరు చూసి మోసపోవద్దు. మైక్రోసాఫ్ట్‌లో చాలాకాలం ప్రోగ్రాం మేనేజరంటే ఫీచరు ఎలా ఉండాలో తేల్చే మనిషి. అమెజాన్, గూగుల్ లాంటిచోట్ల టెక్నికల్ ప్రోగ్రాం మేనేజరు నాలుగైదు టీముల పనిని ముడివేస్తాడు. సిస్టం డిజైను ప్రశ్నలూ ఎదుర్కోవాలి. కొన్నిచోట్ల అదే పేరుతో షెడ్యూళ్ళు, స్టేటస్ రిపోర్టులే పని. జీతం పేరుని బట్టి కాదు, బాధ్యతని, లెవెల్‌ని బట్టి ఉంటుంది. ముందు లెవెల్ అడగండి.

రెండోది, బేసు ఒక్కటే జీతం కాదు. లెక్క కోసం 1,60,000 డాలర్ల బేసు, పది శాతం బోనసు, నాలుగేళ్ళలో సమానంగా చేతికొచ్చే 2,00,000 డాలర్ల స్టాకు అనుకుందాం. ఏడాదికి 1,60,000 + 16,000 + 50,000 = 2,26,000. స్టాకు లేని 1,80,000 బేసు కంటే ఇది మెరుగే, షేరు ధర మరీ పడిపోకపోతే. స్టాకు చేతికొచ్చినప్పుడు కంపెనీలు సాధారణంగా ఫెడరల్ పన్ను 22 శాతమే పట్టుకుంటాయి. మీ శ్లాబు 32 శాతమైతే మిగతాది ఏప్రిల్‌లో మీరే కట్టాలి.

మూడోది, సమాచారం. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం ఎంతనుంచి ఎంతవరకో చాలా కంపెనీలు చెప్పితీరాలి. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే నిషిద్ధం. హెచ్-1బి కోసం కంపెనీలు పెట్టే ఎల్‌సీఏల వివరాలు కార్మికశాఖ బహిరంగంగా ఉంచుతుంది. కంపెనీ, ఊరు, హోదా వారీగా వెతకొచ్చు. అందులో స్టాకు కనబడదని మాత్రం గుర్తుంచుకోండి.

చివరిది వీసా. గ్రీన్‌కార్డు దరఖాస్తు డెవలపరు ఉద్యోగం మీద నడుస్తుంటే, ప్రోగ్రాం మేనేజరుగా మారితే లేబర్ సర్టిఫికేషను మళ్ళీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఐ-485 పెండింగులో 180 రోజులు దాటితే మారొచ్చు గానీ, కొత్త పని పాతదానికి "అదే లేదా అలాంటిదే" అయ్యుండాలి. జీతం ఒప్పుకునే ముందే లాయరుని అడగండి.

ఇక రిక్రూటరు అడిగినప్పుడు అంకె చెప్పకుండా, "ఈ లెవెల్‌కి మీరు అనుకున్నది ఎంతనుంచి ఎంతవరకు?" అని మీరే అడగండి. అది మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు. కాలిఫోర్నియాలో దానికి జవాబు చెప్పడం వాళ్ళ చట్టబద్ధమైన బాధ్యత.