కుంటలోని కార్పు చేపలు: గాలము, ఎర, పట్టు విధానము

1. గాలము ఎందులకు?

చేపలను పట్టుటకు వల యుండగా గాలమేల, అది పొద్దుపోని వారి పని యని పలువురు రైతులు తలంచుచుందురు. వలకు దాని పని కలదు. కుంటలోని చేపలన్నిటిని ఒక్కమారుగా తీసి సంతకు పంపదలచినప్పుడు వలయే కావలెను. అయితే ఇంటి కూరకై ఒకటి రెండు చేపలు కావలసినప్పుడు వల దింపినచో అడుగు బురద కలగును; చేపలన్నియు బెదరును; పొలుసులు రాలి పుండ్లు పడి కొన్ని చచ్చుటయు కలదు. గాలము తక్కిన వానిని కదలింపక ఒక్క చేపను తీయును.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఏ ఎరను ఎంత లోతున వ్రేలాడదీయవలెనో తెలిసిన రైతు, తన కుంటలోనుండి ఏ జాతి చేప వెలుపలికి రావలెనో, ఏది లోపల నిలువవలెనో చాలవరకు తానే నిర్ణయించుకొనగలడు. వల ఈ భేదము నెరుగదు.

2. ఏ చేపను తీయవలెను, ఏ చేపను ఉంచవలెను?

బొచ్చె, రవ్వ (దీనినే రోహు అనియు, కొన్ని చోట్ల శీలావతి యనియు పిలుతురు), మోసు అను ఈ మూడును నదిచేపలు. ఇవి వానకాలపు వరదనీటిలో గ్రుడ్లు పెట్టునే గాని, నిలువనీటి కుంటలో పెట్టవు. 1957లో కటకమునందు హీరాలాల్ చౌధురి గారు, చేప మెదడు క్రిందనుండు గ్రంథిరసమును సూదిద్వారా ఎక్కించి, ఇట్టి చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నేడు రైతులు కొను పిల్లలు చాలవరకు ఇట్టి సూదిమందు మార్గమున పుట్టించబడుచున్నవి. కావున కుంటలో 500 పిల్లలను విడిచిన రైతునకు 501వ చేప లభింపదు. తీసిన ప్రతి చేపయు మొత్తమునుండి తరుగుటయే.

బంగారుతీగ సంగతి వేరు. ఇది ఈ దేశపు చేప కాదు. 1939లో సింహళమునుండి ఒక తెగ నీలగిరులకును, 1957లో బ్యాంకాకునుండి మరియొక తెగ కటకమునకును తేబడినవి. ఇది నిలువనీటిలోనే నాచుమీదను గడ్డిమీదను గ్రుడ్లు పెట్టును. విడిచిపెట్టినచో కుంట నిండ చిన్న చేపలు క్రిక్కిరిసి, ఏదియు ఎదుగక, తక్కిన చేపల మేతను కూడ తినివేయును. మేతకై అడుగును, గట్టు అంచును త్రవ్వి నీటిని బురద చేయును.

కాబట్టి నియమము ఇది: గాలముతో మొదట తీయవలసినది బంగారుతీగ. బొచ్చె, రవ్వ, మోసు చేపలను కిలో బరువు వచ్చిన పిమ్మట మాత్రమే, లెక్క ప్రకారము తీయవలెను. మంచి మేత గల కుంటలో ఈ బరువు వచ్చుటకు సుమారు ఒక సంవత్సరము పట్టును.

3. ఏ చేప ఎక్కడ మేయును?

బొచ్చెకు తల పెద్దది. నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైభాగమున తేలు సూక్ష్మజీవులను తినును. రవ్వ పెదవులు కుచ్చులు గలవి. అది నడిమి నీటిలో తిరుగుచు రాళ్లను, కాడలను పట్టిన పాచిని గీకి తినును. మోసు అడుగున క్రుళ్లిన ఆకు అలములను తినును. బంగారుతీగకు నోటి ప్రక్కల రెండు జతల మీసములుండును. అది అడుగు బురదలో పురుగులను, గింజలను వెదకుకొనును.

ఈ చేపలకు దవడలయందు పండ్లు లేవు. పండ్లు గొంతులో నుండును. చేప ఎరను నీటితోకూడ పీల్చి, నోటిలో పరీక్షించి, గట్టిది తగిలినచో వెంటనే ఉమ్మివేయును. గాలమునందలి కిటుకంతయు ఈ ఒక్క స్వభావము ననుసరించి యున్నది: కొక్కెము చిన్నదిగాను, ఎర మెత్తగాను, కదలిక సూక్ష్మముగ తెలియునట్లును ఉండవలెను.

4. సామగ్రి

పది పండ్రెండడుగుల పొడవును, కొన సన్నముగ వంగు గుణమును గల ఎండు వెదురు గడ చాలును. ఆరు మొదలు ఎనిమిది కిలోల బరువు నోర్చు నైలాను దారమును గడ పొడవునకు సమముగ కట్టవలెను. జీలుగు బెండును సన్నముగ చెక్కి తేలుడు బెండుగా ఉపయోగింపవచ్చును. దానిని నిలువుగ నిలుపుటకు చాలినంత సీసము మాత్రమే కట్టవలెను. బరువు హెచ్చినచో చేప మెల్లగ పీల్చుట బెండుమీద తెలియదు. కొక్కెము 6 మొదలు 10 వరకు గల నంబరులలో ఎరకు తగినది తీసికొనవలెను. నంబరు పెరిగినకొలది కొక్కెము చిన్నదగును. కొక్కెపు కొననుండు ఎదురుముల్లును పటకారుతో నొక్కివేసినచో, విడువదగిన చేప గాయము లేక విడిపడును. పిడిగల చిన్నవల యొకటి, తడి గోనెపట్టా యొకటి దగ్గర నుండవలెను.

5. ఎర

బంగారుతీగకు వానపాము మేలైన ఎర. ఉడికించిన మొక్కజొన్న గింజయు పనికివచ్చును. రవ్వకు, మోసునకు గోధుమపిండిలో వేరుసెనగ చెక్కపొడి కలిపి, చేతికి అంటుకొనని ముద్దగా పిసికి, బటానీ గింజంత పెట్టవలెను. బొచ్చెకు తవుడును పిండిని కలిపిన వదులు ముద్ద తగినది. అది నీటిలో మెల్లగ కరగి మబ్బువలె వ్యాపింపగా, బొచ్చె దానిని మ్రింగుచు కొక్కెమును కూడ పీల్చును.

గట్టి గింజ ఎరకు ఇంగ్లండులో 1980 ప్రాంతమున ఏర్పడిన ఒక కట్టు మిగుల ఉపయుక్తము. గింజను కొక్కెమునకు గ్రుచ్చక, కొక్కెపు వంపు క్రింద వ్రేలాడు సన్నని దారమునకు గ్రుచ్చుదురు. చేప గింజను పీల్చినప్పుడు ఖాళీ కొక్కెము వెంట పోయి, ఉమ్మివేయునప్పుడు పెదవికి తగుల్కొనును.

గాలము వేయుటకు రెండు దినములు ముందుగా, ఒకే చోట, ఒకే వేళకు, తవుడు, చెక్క కలిపిన పిడికెడు ముద్దను వేయుచుండవలెను. అంతకంటె ఎక్కువ వేయరాదు. తినగా మిగిలినది క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును.

6. వేళ, చోటు

రాత్రి నీటిమొక్కలు ప్రాణవాయువును విడువక పీల్చుకొనును గనుక తెల్లవారుజామున అది మిక్కిలి తక్కువగ నుండును. అప్పుడు చేపలు పైకి వచ్చి నోరు తెరచుచుండిన యెడల అది ఆకలి కాదు, ఊపిరాడక పోవుట. ఆ దినము గాలము మాని, మేతయు ఎరువును ఆపి, బావినీటిని పైనుండి జల్లునట్లు కుంటలోనికి విడువవలెను. ఈ గుర్తును ఉపేక్షించినచో ఒక్క రాత్రిలో కుంటయంతయు నష్టపడవచ్చును.

నీరు బాగుగనున్న దినమున ప్రొద్దెక్కిన గంట రెండు గంటలకును, సాయంకాలమునను వేయుట మంచిది. చలికాలమున చేప మేత తగ్గించును గనుక మధ్యాహ్నపు ఎండ అనుకూలము. అడుగునుండి సన్నని బుడగలు వరుసగ లేచుచోట, బురద మబ్బు కానవచ్చుచోట బంగారుతీగయో మోసో మేయుచుండును. కార్పు చేపకు నేల అదురు బాగుగ తెలియును గనుక గట్టుమీద బరువుగ నడువరాదు. నీడ నీటిపై పడనీయరాదు.

ముందుగా సీసము కట్టిన దారముతో లోతు కొలిచి, అడుగుచేపలకు ఎర నేలను తాకునట్లును, రవ్వకు నడిమి నీటిలోను, బొచ్చెకు పైనుండి రెండు మూడడుగులలోను ఉండునట్లు బెండును జరుపవలెను.

7. పట్టుట

బెండు వణకినంతనే లాగరాదు. అది ప్రక్కకు నడచినను, మునిగినను, లేక అడుగుచేప సీసమును ఎత్తుటచే పైకి లేచి పండుకొనినను, అప్పుడు గడ కొనను చురుకుగ కొద్దిగా ఎత్తిన చాలును. పెద్ద చేప పరుగెత్తునప్పుడు ఎదురు లాగక, గడ వంపు దానిని అలయజేయునట్లు పట్టి, ప్రక్కకు త్రిప్పవలెను. దారముతో గట్టుమీది కెత్తరాదు, వలలోనికి తేవలెను.

8. విడుచుట, వ్రాసికొనుట

విడువవలసిన చేపను తడిచేతులతో, తడి గోనెపైననే పట్టవలెను. పొడిచేయి దాని మైజిగురును తుడిచివేయును. ఆ జిగురు పోయినచోట రోగము పట్టును. నీటిలో నిలువుగ పట్టి, తనంతట తాను కదలి పోవువరకు ఉంచవలెను.

తీసిన తేది, జాతి, బరువు ఒక పుస్తకములో వ్రాసికొనిన యెడల ఎన్ని మిగిలినవో తెలియుటయే గాక, చేప ఎదుగుచున్నదో లేదో కూడ తెలియును. మూడు నెలలు గడచినను బరువు పెరుగకున్న యెడల మేత చాలలేదనియో, చేపలు క్రిక్కిరిసినవనియో గ్రహింపవలెను.

ఈ విధానము పట్టాదారు తన భూమిలోని సొంత కుంటయందు అనుసరింపదగినది. ఊరి చెరువు చేపలు మత్స్యకారుల సంఘమునకు కౌలుగా ఇయ్యబడియున్నచో, సంఘమువారి అనుమతి లేక గాలము వేయరాదు. మందుగుండును, విషమును వేసి చేపలను చంపుటను బ్రిటిషు ఇండియాలో 1897 నాటి చట్టమే నేరముగ నిర్ణయించినది. అట్టి పనివలన పిల్లచేపయు పెద్దచేపయు ఒక్కటిగ నశించి, నీరు పశువులకు కూడ పనికిరాకుండ పోవచ్చును.