తొలి కాన్పుకు ముందు చదువు: జహీరాబాద్‌లో దొరికేది, దొరకనిది

గర్భిణికీ, ఆమె భర్తకూ లేదా కాన్పు సమయంలో తోడుండే బంధువుకూ, ప్రసవం ఏయే దశల్లో సాగుతుందో, నొప్పులను ఎలా ఓర్చుకోవాలో, బిడ్డకు తొలి పాలు ఎప్పుడు పట్టాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి తరలాలో కొన్ని వారాలపాటు వరుసగా నేర్పే ఏర్పాటును ప్రసవపూర్వ శిక్షణ తరగతి అంటారు. హైదరాబాద్‌లోని పెద్ద ప్రసూతి ఆసుపత్రులలో రుసుముతో నడిచే ఈ తరగతులకు, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ముంబయి జాతీయ రహదారిపై కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న జహీరాబాద్ నుంచి ప్రతి వారం వెళ్లి రావడమంటే, రుసుముకు తోడు బస్సు ఛార్జీలూ, పోగొట్టుకున్న కూలీ కూడా లెక్కలోకి వస్తాయి. అందువల్ల తక్కువ ఖర్చుతో దొరికే తరగతి ఎక్కడుందన్న ప్రశ్నకు ముందు, ఆ తరగతిలో నిజంగా మేలు చేసే భాగం ఏదన్న ప్రశ్న వేసుకోవడం సబబు.

ఈ తరగతుల పుట్టుక గమనిస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. భయం వల్ల కండరాలు బిగుసుకుంటాయనీ, ఆ బిగువు వల్ల నొప్పి పెరుగుతుందనీ, పెరిగిన నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుందనీ బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో ప్రతిపాదించాడు. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ పరిశోధించిన నిబంధిత ప్రతిచర్యల ఆధారంగా, నొప్పి వచ్చినప్పుడు ఒక నిర్ణీత శ్వాస క్రమాన్ని అలవాటుగా మార్చే పద్ధతిని అప్పటి సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వెల్వోవ్‌స్కీ బృందం రూపొందించింది. 1951లో సోవియట్ దేశంలో పర్యటించి దానిని చూసిన ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్, తిరిగి వెళ్లి పారిస్‌లో లోహ కార్మికుల సంఘానికి చెందిన ప్రసూతి ఆసుపత్రిలో ప్రవేశపెట్టాడు. అంటే, నేడు మహానగరాలలో సంపన్నుల సేవగా చలామణి అవుతున్న లమాజ్ పద్ధతి ఐరోపాలో వేళ్లూనుకున్నది కార్మికుల భార్యల మధ్యనే.

డిక్-రీడ్ చెప్పిన భయానికీ నొప్పికీ ఉన్న లంకెకు శరీరధర్మశాస్త్రంలో కొంత ఆధారం ఉంది. గర్భాశయాన్ని సంకోచింపజేసేది మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను. తీవ్రమైన భయంలో అడ్రినల్ గ్రంథుల నుంచి వెలువడే అడ్రినలిన్ గర్భాశయ కండరాన్ని సడలించగలదు కాబట్టి, అది మోతాదు మించితే నొప్పుల పట్టు తగ్గి కాన్పు ఆలస్యం కావచ్చు. నడుము రుద్దితే ఉపశమనం ఎందుకు కలుగుతుందో వివరించడానికి, స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయనే సిద్ధాంతాన్ని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ముందుకు తెచ్చారు. మన ఊళ్లలో మంత్రసానులు ఈ సిద్ధాంతం కోసం ఎదురుచూడకుండానే నడుము రుద్దుతూ వచ్చారన్నది వేరే సంగతి.

అయితే కారణం తెలిసినంత మాత్రాన తరగతి ఫలిస్తుందని రుజువైనట్టు కాదు. వైద్య ప్రయోగాలను ఏరి, జల్లెడ పట్టి సమీక్షించే కొక్రేన్ సంస్థ 2007లో, రెండు వేలకు పైగా స్త్రీలు పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలను పరిశీలించి, ప్రసవపూర్వ శిక్షణ ప్రభావం చాలావరకు తెలియరాలేదనే నిర్ణయానికి వచ్చింది. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా తొలిచూలు స్త్రీలలో కొందరికి శ్వాస పద్ధతితో, తక్కినవారికి అది లేకుండా శిక్షణ ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2009లో వెలువడగా, వెన్నులో మత్తుమందు అడిగినవారి శాతం రెండు వర్గాలలోనూ సమానంగా తేలింది. ఆస్ట్రేలియాలో 176 మందితో జరిగి 2016లో వెలువడిన మరో ప్రయోగంలో మాత్రం, శ్వాస, మర్దన, యోగా, తోడుండేవారికి శిక్షణ కలిపిన రెండు రోజుల తరగతి వల్ల మత్తుమందు వాడకమూ సిజేరియన్లూ గణనీయంగా తగ్గాయి. చిన్న ప్రయోగమే అయినా, శ్వాస ఒక్కటే నేర్పడానికీ తోడు మనిషిని సిద్ధం చేయడానికీ తేడా ఉందన్న సూచన అందులో ఉంది.

ఆ సూచనకు బలమైన ఆధారం వేరేచోట దొరుకుతుంది. కాన్పు పొడవునా ఒక మనిషి పక్కనే ఉండి ధైర్యం చెప్పడం వల్ల కలిగే ఫలితాన్ని, 17 దేశాలలో 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగాల ఆధారంగా కొక్రేన్ 2017లో మదింపు చేసినప్పుడు, సిజేరియన్ అవకాశం దాదాపు నాలుగో వంతు తగ్గినట్టూ, నొప్పుల కాలం కొంత కుదించుకుపోయినట్టూ తేలింది. ఏ తరగతికీ ఇంత నిక్కచ్చి ఆధారం లేదు.

చదువు మేలు చేయగలదనడానికి రెండో ఆధారం స్త్రీలు కూటమిగా కూర్చొని మాట్లాడుకునే సభలది. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో గ్రామ స్త్రీలు నెలకోసారి వలయంగా కూర్చొని, గర్భిణుల ఇబ్బందులను తామే గుర్తించి, పరిష్కారాలను తామే ఆలోచించే పద్ధతిని అమలు చేయగా, పుట్టిన నెలలోపు శిశువుల మరణాలు సుమారు 30 శాతం తగ్గినట్టు 2004లో వెల్లడైంది. ఏక్‌జుట్ అనే సంస్థ అదే పద్ధతిని జార్ఖండ్, ఒడిశాలలోని మూడు జిల్లాల ఆదివాసీ గ్రామాలలో 2005 నుంచి 2008 వరకు నడిపినప్పుడు, మూడేళ్లలో ఆ తగ్గుదల 32 శాతంగా నమోదైంది. అక్కడ సభ నడిపింది డాక్టరు కాదు, స్థానిక మహిళ. చేతిలో ఉన్నవి బొమ్మల కార్డులు, కథలు. ఇలాంటి ఏడు ప్రయోగాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణ, గర్భిణులలో కనీసం 30 శాతం మంది పాల్గొన్నచోటే ఫలితం స్పష్టంగా ఉందని చూపింది. ముంబయి మురికివాడలలో అదే పద్ధతి ఫలించలేదు.

ఆ అంకెలను తెలంగాణకు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఏక్‌జుట్ గ్రామాలలో అధిక శాతం కాన్పులు ఇంట్లోనే జరిగేవి కాబట్టి చేతుల శుభ్రత వంటి మార్పులే ప్రాణాలు నిలిపాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. ఇక్కడి చిక్కు వేరు: అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, అప్పట్లో ఇది దేశంలోకెల్లా అధికం. ప్రైవేటు ఆసుపత్రులలో అది 80 శాతం దాటింది. తొలి కాన్పు సిజేరియన్ అయితే మలి కాన్పూ అదే దారి పట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, చదువు అవసరం అందరికన్నా తొలిచూలు స్త్రీకే ఉంది. గర్భాశయ ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాతే అసలు నొప్పుల దశ మొదలవుతుందనీ, తొలి కాన్పులో ఆ దశ పన్నెండు గంటల దాకా సాగడం సహజమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఈ ఒక్క సంగతి కుటుంబానికి ముందే తెలిస్తే, తొలి నొప్పులకే హడలిపోయి "ఆపరేషన్ చేసేయండి" అని ఒత్తిడి తెచ్చే బంధువుల సంఖ్య కొంతైనా తగ్గుతుంది.

ఇక జహీరాబాద్ చుట్టుపక్కల, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి మండలాలలో, ఖర్చు లేకుండా అందే తరగతి ముక్కలు ముక్కలుగా ఉంది. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు రోజూ ఒక పూట అన్నం, గుడ్డు, పాలు పెడతారు. భోజనానికి వచ్చినవారు ఒకచోట కూర్చునే ఆ గంట, సరిగా వాడుకుంటే ఒక తరగతే. అక్కడ జరిపే సామూహిక సీమంతాలదీ అదే అవకాశం. గ్రామ ఆరోగ్య, పోషకాహార దినం నాడు ఏఎన్ఎం ఊళ్లోకే వస్తుంది, ఆశా కార్యకర్త కూడా ఉంటుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ప్రకారం, నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించాలి. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం వల్ల ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులతో, రక్తంతో, రవాణాతో సహా ఉచితం. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ప్రమాద సూచికలు బొమ్మలతో ఉంటాయి. దానిని టీకాల తేదీలు రాసే కాగితంగానే చూడడం మన అలవాటు.

కూటమిగా కూర్చునే సంప్రదాయం కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చిరుధాన్యాల సాగును నిలబెట్టిన దళిత మహిళా సంఘాలు, 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియోను ఇక్కడి యాసలోనే ప్రారంభించాయి. మక్వాన్‌పూర్‌లో కొత్తగా పోగుచేయవలసి వచ్చిన సభ, ఇక్కడ ఉన్న సంఘం చర్చలో ఒక అంశంగా ఇమిడిపోగలదు.

లోపించేవి మూడు. ఖర్చు లేకుండా అందే ఈ తరగతి ముక్కలను వరుసలో పెట్టేవారు లేరు. భర్తను పిలిచేవారు అరుదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారం వల్ల ఏడో నెల దాటాక గర్భిణి మరో మండలానికో, సరిహద్దు దాటి బీదర్ వైపుకో వెళ్లిపోతుంది. తెలిసిన ఆశా కార్యకర్త, తెలిసిన ఆసుపత్రి, అంతవరకు నేర్చుకున్న క్రమం సరిగ్గా అవసరమైన వేళకే తెగిపోతాయి. 

కాబట్టి తొలిచూలు దంపతులు ఐదో నెల నాటికే, 9వ తేదీ పరీక్షకు ఇద్దరూ కలిసి వెళ్లి, తలనొప్పితో చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వంటి వాటిలో దేనికి ఎంత త్వరగా రావాలో అడిగి తెలుసుకోవాలి. కాన్పు గదిలోకి తోడు మనిషిని రానిస్తారా అని కూడా అప్పుడే అడగాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి అనుమతిచ్చింది, కాన్పు అనుభవం ఉన్న స్త్రీని తోడుగా ఎంచుకోమంది, ఇతర స్త్రీల మరుగుకు భంగం లేనిచోట భర్తను కూడా అనుమతించవచ్చునంది. తల్లో, అత్తో, వదినో, ఎవరు తోడుండబోతున్నారో తేల్చుకొని, ఆమెను కూడా ఒక్క పరీక్షకైనా వెంట తీసుకుపోవాలి. పుట్టింటికి బయలుదేరే ముందు ఇక్కడి ఆశా కార్యకర్తకు చెప్పి, అక్కడి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు తీసుకోవాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డునూ, పరీక్షల చీటీలన్నిటినీ మరవకుండా వెంట తీసుకెళ్లాలి.