నాణేల ఛాయాచిత్రణ

నాణేల సేకరణలోని ఒక్కొక్క నాణేన్ని బొమ్మ, బొరుసు రెండు వైపులా ఫోటో తీసి, ఆ చిత్రాలను కంప్యూటరులో సవరించి భద్రపరచడాన్ని నాణేల ఛాయాచిత్రణ అంటారు. నాణెం చేతిలో లేనివారు దానిపై రాతను చదవడానికి, దొంగతనం జరిగినపుడు యజమాని తన నాణేన్ని గుర్తించడానికి ఈ చిత్రాలే ఆధారం.

కెమెరాను స్టాండుకు బిగించి, కటకం నాణేనికి సరిగ్గా ఎదురుగా ఉండేలా చూడాలి. లేకపోతే గుండ్రని నాణెం కోలగా కనిపిస్తుంది. అయితే అసలు పని వెలుతురుది. శాతవాహనుల సీసపు నాణేలపై ఉబ్బెత్తుగా ఉండే బ్రాహ్మీ అక్షరాలు చాలావరకు అరిగిపోయి ఉంటాయి. కెమెరా ఫ్లాషు నేరుగా పడితే అవి ఉత్త బూడిదరంగు బిళ్ళల్లా కనిపిస్తాయి. దీపాన్ని పక్కకు దించి వెలుగును ఏటవాలుగా వేస్తే నీడల వలన రాత బయటపడుతుంది. ఆ వెలుగు చిత్రానికి పైవైపు నుండి రావాలి. కిందివైపు నుండి వస్తే ఉబ్బెత్తు అక్షరాలు లోపలికి చెక్కినట్లు భ్రమ కలుగుతుంది.

ఫోటో కోసం రాగి నాణేలను చింతపండుతో తోమరాదు. శతాబ్దాలుగా ఏర్పడిన పైపొర పోతే తిరిగి రాదు.

సవరణలో నేపథ్యాన్ని తొలగించడం, చిత్రాన్ని నిటారుగా తిప్పడం, రంగును అసలు నాణెంతో సరిపోల్చి దిద్దడం వరకు ఇబ్బంది లేదు. గీతలు చెరపడం మాత్రం ప్రమాదకరం. బ్రాహ్మీలో 'ప', 'స' అక్షరాలకు తేడా ఎడమవైపు ఉండే చిన్న గీత మాత్రమే. దానిని గీరుడు అనుకొని చెరిపితే 'సాతకణి' పేరులోని మొదటి అక్షరమే మారిపోతుంది. కనుక సవరించని మూలచిత్రాన్ని, నాణెపు బరువు, వ్యాసం వివరాలతో సహా, విడిగా దాచి ఉంచుతారు.